మూసిన పిడికిలి

గత వర్షకాలములో ఒక సాయంకాలము మా పొరుగు గ్రామములో ఒక సంఘస్థుని యింట ప్రార్థన జరిగెను. ఆ యింటి పెద్దావిడకు నాలుగేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి ఎడమప్రక్క పడిపోయినది. అప్పటినుండి ఆమె ఎడమచేయి మోచేతి దగ్గర ముడుచుకొని, పిడికిలి మూసుకొని, రొమ్మునకు అంటుకొని యున్నది. నేను ఆమె ప్రక్కనే చాపమీద కూర్చుంటిని. కొంతసేపటికి ఒక దుర్వాసన తెలియవచ్చెను. ఆ వాసన పిడికిలి లోపలిది. గోళ్లు అరచేతిలో దిగి పుండు పడినది. కోడలు దినదినము వ్రేళ్లు విప్పి కడుగుటకు ప్రయత్నించుచున్నదట గాని, ఎంత లాగిన అంత గట్టిగా బిగియునట. ఈ వాసన సంగతి పెద్దావిడ ఎరుగును. అందుకే ఆరాధనకు వచ్చుట మానుకొన్నదని కోడలు తరువాత నాతో మెల్లగా చెప్పినది.

ప్రార్థన ముగిసిన పిమ్మట పెద్దకుమారుడు నన్ను వీధి మలుపువరకు సాగనంపుచు అడిగెను: "అయ్యగారండీ, పట్నంలో డాక్టరుగారు అమ్మకి ఒక ఇంజక్షను చెప్పారు. వేలల్లో ఖర్చండి. మూడు నెలలు పిడికిలి వదులవుతుందంట, మళ్లీ బిగుస్తుందంట. చెయ్యి మాత్రం ఇక పని చెయ్యదని ఉన్నమాట చెప్పేశారు. పని చెయ్యని చేతికి అంత డబ్బు పొయ్యడం సబబేనంటారా? ఇద్దరు పిల్లల చదువులున్నాయి."

అతడు తల్లియందు ప్రేమ లేనివాడు కాడు. కౌలుకు చేయు రైతు. ఆమె వైద్యమునకు ఇదివరకే అప్పుపడినవాడు. అతని ప్రశ్న పిసినారి ప్రశ్న కాదు. నాకు వెంటనే జవాబు తోచలేదు. "ఆలోచింతము బాబూ" అని చెప్పి వచ్చితిని. ఆ ఆలోచననే ప్రియ చదువరుల ముందు పెట్టుచున్నాను. ఇట్టి చేయి, ఇట్టి కాలు గలవారు లేని సంఘము మన ప్రాంతములో నేనెరిగినంతవరకు లేదు.

ముందుగా ఈ బిగువు ఎక్కడినుండి వచ్చునో తెలిసికొనవలెను. పక్షవాతము వచ్చిన క్రొత్తలో అవయవము చచ్చుపడి వ్రేలాడుచుండును. వారములు, మాసములు గడచినకొలది కొందరిలో అదే అవయవము బిగుసుకొనును. తప్పు కండరములో లేదు. ఏ కండరమునైనను తటాలున సాగదీసినచో అది వెంటనే ఎదురు లాగుకొనును. వైద్యుడు మోకాలిచిప్ప క్రింద చిన్న సుత్తితో తట్టగా కాలు ఎగురుట అందువలననే. ఆ ఎదురులాగుడు వెన్నుపాములోనే జరిగిపోవును. మెదడు దానిని పైనుండి ఎల్లప్పుడు అదుపులో ఉంచుచుండును. మెదడులో గాని వెన్నుపాములో గాని ఆ అదుపు వచ్చు దారి దెబ్బతినినచో ఎదురులాగుడు మితిమీరును. 1980లో ఆస్ట్రేలియా దేశపు నాడీవైద్యుడు జేమ్స్ లాన్స్ దీనిని నిర్వచించుచు వేగము అను సంగతిని ముఖ్యముగా చెప్పెను. ఎంత వేగముగా సాగదీసినచో అంత బలముగా ఎదిరించును.

పశువులను పెంచినవారికి ఇది తెలియని సంగతి కాదు. దూడను పలుపు పట్టి ఒక్కసారి గుంజిన యెడల నాలుగు కాళ్లు బిగబట్టి నిలిచిపోవును. మెల్లగా నడిపించినచో వెంట వచ్చును. పాపము ఆ కోడలు వ్రేళ్ల కొనలు పట్టి గుంజుచుండెను. మూసిన పిడికిలి విప్పుటకు వైద్యసహాయకులు నేర్పు పద్ధతి వేరు: తొందరపడక, ముందు మణికట్టును లోపలివైపునకు మరికొంచెము వంచవలెను. అప్పుడు వ్రేళ్లను ముడుచు స్నాయువులు వదులై, వ్రేళ్లు కొంత తమంతట తామే సడలును. చాలకాలము కదలని ఎముకలు బలహీనమై యుండును గనుక బలవంతము చేసినచో విరుగుట కూడ కలదు.

పిల్లలలో ఈ బిగువునకు ముఖ్యకారణము మస్తిష్క పక్షవాతము. సెరిబ్రల్ పాల్సీ అని వైద్యులందురు. 1000 జననములలో రమారమి 2 లేక 3 బిడ్డలకు ఇది కలుగును. నెలలు నిండక పుట్టుట, పుట్టునప్పుడు ఊపిరి అందకపోవుట, పసితనములో మెదడునకు జ్వరము సోకుట మొదలగునవి కారణములు. 1861లో లండను నగరమున విలియం జాన్ లిటిల్ అను వైద్యుడు కష్టప్రసవమునకును, నెలలు నిండని పుట్టుకకును, పిల్లల కాళ్ల బిగువునకును గల సంబంధమును ప్రసూతి వైద్యుల సంఘము ఎదుట వివరించెను. ఆయన పాదము కూడ చిన్నతనపు జబ్బువలన వంకరపోయినదే. 1836లో జర్మనీకి పోయి, మడమ వెనుక స్నాయువును కోయించుకొని, ఆ పద్ధతిని తన దేశమునకు తెచ్చెను. ప్రసవ కష్టమొక్కటే కారణము కాదని తరువాతి కాలమున తేలినది. చాలమంది బిడ్డలలో కారణము తెలియనే తెలియదు. మన గ్రామములలో తల్లిని చూచి "ఏం చేశావో" అను అత్తలును ఆడబిడ్డలును ఈ మాట వినవలెను.

మెదడునకు తగిలిన దెబ్బ పెరగదు, గాని బిడ్డ పెరుగును. ఎముక పొడవగుచుండగా బిగిసిన కండరము దానితో సమానముగా సాగదు. మొదట మెల్లగా లాగినచో వచ్చిన కాలు, కొన్ని సంవత్సరములకు ఎంత మెల్లగా లాగినను రాని కాలగును. ఇట్టి పిల్లలలో సుమారు మూడింట ఒక వంతు మందికి తుంటికీలు క్రమముగా ప్రక్కకు జారును. మొదట నొప్పి యుండదు గనుక ఎక్స్‌రే తీసినగాని తెలియదు. మూడవ మాసము దాటినను పిడికిళ్లు విప్పని బిడ్డను, ఎత్తుకొనినప్పుడు కాళ్లు కత్తెరవలె పెనవేయు బిడ్డను, ఏడాది నిండకమునుపే ఒక్క చేతినే వాడు బిడ్డను, తొమ్మిది మాసములకు కూర్చుండని బిడ్డను చూచినచో ఆగవద్దు. 2013 నుండి ప్రభుత్వము అంగన్‌వాడీలలోను బడులలోను పిల్లలను పరీక్షించు ఏర్పాటు చేసి, జిల్లాలలో సత్వర చికిత్సా కేంద్రములను పెట్టినది. అంగన్‌వాడీ టీచరును అడిగినచో దారి చెప్పును.

అయినను ఆగుదురు. ఎందుకు? నయము కొరకు వెదకుచు ఆగుదురు. 2019 డిసెంబరు 26వ తేదీన సూర్యగ్రహణము పట్టినప్పుడు మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో, కలబురగి దగ్గర కొందరు తలిదండ్రులు అంగవైకల్యము గల తమ పిల్లలను మెడవరకు మట్టిలో పాతిపెట్టిరి. అట్లు చేసినచో అవయవములు బాగుపడునని వారి నమ్మకము. ఆ వార్త చదివి మనము నొసలు ముడుచుకొంటిమి. కాని మన సంఘములలో ఏమి జరుగుచున్నది? బిడ్డను ఎత్తుకొని సభనుండి సభకు తిరిగిన తల్లితో, "నీకు విశ్వాసము చాలలేదు గనుకనే నడువలేదు" అని చెప్పిన పెద్దమనిషిని నేనెరుగుదును. ఆ మాట విన్న తల్లి మరి రెండేండ్లు ఆస్పత్రికి పోలేదు. తుంటికీలు జారినది ఆ రెండేండ్లలోనే. ప్రార్థించుటను నేను కాదనుట లేదు, నేను ప్రార్థించువాడనే. పక్షవాయువు గలవానిని మంచముతో మోసికొనివచ్చి యింటి కప్పు విప్పిన ఆ నలుగురి కథ మనకు తెలియును. వారి భుజములు నొప్పిపెట్టి యుండును గదా. ఆ భుజముల సంగతి ప్రసంగములలో ఎవరును అంతగా చెప్పరు.

నయము కావలెను, లేనియెడల ఏమియు వద్దు అను ఈ తలంపు మనలో లోతుగా నాటుకొని యున్నది. గ్రహణమునాడు బిడ్డను పాతిన తండ్రియు, ఇంజక్షను సబబేనా అని అడిగిన కుమారుడును ఒకే కొలకఱ్ఱతో కొలుచుచున్నారు. బిగువునకు చేయు చికిత్సలలో మెదడు దెబ్బను మాన్పునది ఒక్కటియు లేదని వైద్యులు దాచక చెప్పుదురు. మరి అవి ఏమి చేయును?

మాత్రలు కలవు. బాక్లోఫెన్ అను మందును 1962లో స్విట్జర్లాండు దేశములో మూర్ఛరోగమునకై తయారుచేసిరి. మూర్ఛకు అది పెద్దగా పనికిరాలేదు గాని బిగువును తగ్గించునని తెలిసినది. ఇది ఒక్క చేతికో కాలికో పోక శరీరమంతట పనిచేయును గనుక మగతయు నీరసమును తెచ్చును. అలవాటైన తరువాత దీనిని హఠాత్తుగా మానరాదు. జ్వరము, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చును. మాత్రలు అయిపోయినవని సంతవరకు ఆగు మనవారు ఇది గుర్తుంచుకొనవలెను. బిగువు మిక్కిలి తీవ్రమైనవారికి ఇదే మందును చిన్న యంత్రముద్వారా వెన్నుపాము చుట్టునున్న ద్రవములోనికి పంపు పద్ధతి 1984 నుండి వచ్చినది.

ఇంజక్షను కథ వింతయైనది. 1820 ప్రాంతమున జర్మనీలో జస్టినస్ కెర్నర్ అను వైద్యుడు, పేగులలో కూరి నిలువచేసిన మాంసము చెడిపోగా దానిని తిని కండరములు చచ్చుబడి మరణించినవారిని పరిశీలించెను. ఆ విషమునే అత్యల్పముగా వాడినచో మందు కావచ్చునని అప్పుడే ఊహించెను. ఆ ఊహ ఫలించుటకు నూట ఏబది యేండ్లకు పైగా పట్టినది. అమెరికాలో ఆలన్ స్కాట్ అను కంటివైద్యుడు దానిని మెల్లకంటికి వాడెను. 1989లో అక్కడి ప్రభుత్వము అంగీకరించెను. బోటులినమ్ అను ఆ విషపు చుక్కను బిగిసిన కండరములో ఎక్కించినచో, నరమునుండి కండరమునకు పోవు సందేశము ఆగి, కొన్ని దినములలో అది సడలును. సుమారు మూడు మాసములకు మరల బిగియును. ఆ మూడు మాసములు ఊరక కూర్చుండుటకు కాదు. చేయవలసిన వ్యాయామమును, పెట్టవలసిన పట్టీని అప్పుడు సుళువుగా చేయుటకు.

పిండికట్టులు, పట్టీలు, స్నాయువులను పొడిగించు శస్త్రచికిత్సలు, కొందరు పిల్లలకు వెన్నుపామునకు వచ్చు నరపు పోగులను ఏరి తెంచు శస్త్రచికిత్స కూడ కలవు. ఏది ఎవరికి తగునో వైద్యుడు చూచి చెప్పవలసినదే. దినమునకు కొద్ది నిమిషములు ఎవరో కాలు సాగదీసినందువలన మాత్రమే కీళ్లు పెద్దగా విడివడవని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి. బిడ్డ తనకు కావలసిన పనిని తానే మాటిమాటికి చేయుట ఎక్కువ మేలు.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది, చౌకైనది, మనము మరచునది ఒకటున్నది. బిగువు ఉన్నట్టుండి ఎక్కువైనచో కారణము వెదకవలెను. మలబద్ధకము, మూత్రము నిండుట, మూత్రములో చీము, పడకపుండు, బిగుతైన బట్ట, చలి, కాలి బొటనవ్రేలి గోరు మాంసములోనికి దిగుట, వీటిలో ఏదైనను బిగువును రేపును. వెన్నుపాము దెబ్బతినినవానికి ఆ గోటి నొప్పి తెలియదు. అతని కాళ్లు మాత్రము ఎగిరెగిరి పడును. నోట చెప్పలేని నొప్పిని దేహము అట్లు చెప్పుకొనుచున్నది. వేల రూపాయల మందు అడుగకముందు దుప్పటి తీసి పాదములు చూచినవాడు మంచి సేవకుడు.

ఇక నాకు చాలకాలము అర్థము కాని సంగతి ఒకటి. బిగువంతయు చెడ్డది కాదు. మా బావగారికి పక్షవాతము వచ్చిన తరువాత ఒక కాలు కఱ్ఱవలె బిగిసెను. ఆ కఱ్ఱమీదనే ఆనుకొని ఆయన పెరటిలోనికి నడిచెడివాడు. బిగువు పోవలెనను ఆతురతతో ఆయన వైద్యుడు చెప్పిన మాత్రలకు తాను మరి రెండు చేర్చుకొనెను. కాలు మెత్తబడెను; ఆయన నూతిపళ్లెము దగ్గర కూలబడెను. కాలిలో బలము లేదు, బిగువే బలముగా నిలిపియున్నది. వైద్యుడు మాత్రలు క్రమముగా తగ్గించిన పిమ్మట మరల లేచి నడిచెను. చూచువారి కంటికి వికారముగా నున్నదే ఆయనను నిలువబెట్టిన స్తంభము. దానిని పడగొట్టకముందు అది ఏమి మోయుచున్నదో చూడవలసియుండెను.

ఇక్కడనే నాకు అసలు ప్రశ్న కనబడినది. మనము ఎవరి కొరకు సరిచేయుచున్నాము? మునివ్రేళ్లమీద నడచు ఒక బాలుడు మా సంఘములో ఉన్నాడు. అతని తండ్రి తాపీమేస్త్రీ. మడమలు నేలకు ఆనునట్లు ఆపరేషను చేయింపవలెనని తండ్రి కోరిక. "నలుగురిలో బాగుంటాడండి" అనెను. వైద్యురాలు తండ్రితో మాటలాడిన తరువాత బాలునివైపు తిరిగి, "నీకేం కావాలి నాన్నా?" అని అడిగెను. ఆ ప్రశ్న అతనిని ఎవరును అంతకుముందు అడుగలేదు. చాలసేపు తల వంచుకొని, "బళ్లో దొడ్డికి ఒక్కణ్ణే వెళ్లాలండి" అనెను. అంతవరకు ఇద్దరు తోటి పిల్లలు పట్టుకొని తీసికొనిపోవుచుండిరి. మడమ స్నాయువును అవసరమునకు మించి పొడిగించినచో మోకాళ్లు కుంగి, ఉన్న నడక పోవచ్చునని వైద్యురాలు వివరించెను. అప్పటికి పిక్కలకు ఇంజక్షను, చీలమండకు పట్టీ, కూర్చుండి లేచు అభ్యాసము చాలుననెను. తండ్రి ఆదివారము ఆరాధన తరువాత సిమెంటు తట్ట తీసికొనిపోయి బడి మరుగుదొడ్డి గోడకు ఇనుపగొట్టము బిగించెను. ఆ గొట్టము కూడ చికిత్సయే.

1966లో పుట్టిన మాలినీ చిబ్ అను ఆమెకు పుట్టుకలో ప్రాణవాయువు అందక దేహమంతయు ఈ జబ్బు పట్టినది. ఆమె తల్లి మిథూ ఆలూర్ 1972లో బొంబాయిలో ఇట్టి పిల్లలకు సంస్థ నెలకొల్పినది. మాలిని దేహము తిన్నబడలేదు. ఆమె ఒక్క వ్రేలితో టైపు చేసి పట్టాలు పొందినది, తన జీవితమును పుస్తకముగా వ్రాసినది. వెల్లూరు క్రైస్తవ వైద్యశాలకు చెందిన డాక్టరు మేరీ వర్ఘీస్ 1954లో మోటారు ప్రమాదములో వెన్నుపాము తెగి మరల నడువలేదు. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినది. 1966లో అక్కడ వెలసిన పునరావాస సంస్థ ఆమె కృషి ఫలము. వీరికి జరిగిన వైద్యమును నయమైనదా కాలేదా అని కొలిచినచో లెక్క తప్పును.

మాటలు కూడ బిగుసుకొనును. ఇంగ్లాండులో ఇట్టివారికై 1952లో ఏర్పడిన సంఘము తన పేరులోని స్పాస్టిక్ అను మాటను 1994లో తీసివేసినది; బడిపిల్లలు దానిని తిట్టుగా వాడుచుండిరి. మన వీధులలో కుంటోడా, చచ్చుచెయ్యీ అని పిలుచుటకు ఎట్టి సంఘమును తీర్మానింపనక్కరలేదు. వారికి పేరు పెట్టియున్నారు గదా, ఆ పేరు పలికిన చాలును.

నేను మరల ఆ కౌలురైతు యింటికి వెళ్లితిని. ఇంజక్షను వేయించుమని గాని, వద్దని గాని చెప్పలేదు. ఆయన అప్పు నేను తీర్చువాడను కాను గదా. "అమ్మను అడిగితివా?" అని మాత్రము అడిగితిని. అడుగలేదట. ముగ్గురము ఆమె మంచము దగ్గరకు పోతిమి. ఆమె మాకంటె ముందే మాటలాడినది: "నడవడం నాకొద్దు బాబూ. ఈ కంపు పోతే చాలు. పిల్ల దగ్గరికి రాటల్లేదు." పిల్ల అనగా మనుమరాలు.

ఖర్చు ఆ ఒక్క యింటివారి భుజములమీదనే పడరాదని సంఘపెద్దలతో మాటలాడితిని. ఒకరిద్దరు, "మూడు నెలలకే మళ్లీ బిగిసేదానికా?" అనిరి. మనము వండిన అన్నము మరునాటికి ఉండదని వంట మానుట లేదు గదా అంటిని. వారికి నా మాట అంతగా రుచింపలేదు. స్త్రీల సమాజమువారు మాత్రము పిడికెడు బియ్యము తీసిన డబ్బులో సగము ఇచ్చిరి. మిగిలినది కుమారుడే పెట్టుకొనెను. పని చేయని చేతికి స్నాయువులను పొడిగించి శాశ్వతముగా వదులుచేయు చిన్న ఆపరేషను కూడ కలదని, అది తగునో కాదో తరువాత చూతమని వైద్యుడు చెప్పెను.

ఇంజక్షను వేసిన పదునైదు దినములకు నేను వెళ్లునప్పటికి వ్రేళ్లు పూర్తిగా తెరువబడలేదు; మెత్తని గుడ్డచుట్ట పట్టునంత సందు వచ్చినది. గోళ్లు కత్తిరించిరి. పుండు ఎండుచున్నది. కోడలు గోరువెచ్చని నీళ్ల పళ్లెము ముందు పెట్టుకొని, మణికట్టు మెల్లగా వంచి, అరచేతిలో సబ్బు రాయుచుండెను. తుడిచిన తరువాత పెద్దావిడ కుడిచేతితో ఆ ఎడమచేతిని ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూచుకొనెను. పిమ్మట మనుమరాలిని పిలిచి, "చూడవే" అని చేయి చాపించుకొనెను.